చలికాలం చివర పూసే కమెలియా: వేసవిలో మొదలయ్యే పని

సభలోని పెద్దలకు, తోటల మీద మక్కువతో ఇక్కడికి వచ్చిన మిత్రులందరికీ నమస్కారం.

చలికాలం చివరి రోజుల్లో తోటకు రంగునిచ్చే కమెలియాల, అంటే ఏడాదంతా ఆకులుండే ఒక రకం పూల మొక్కల, పెంపకం గురించి మాట్లాడమని నన్ను కోరారు. ఈ విషయంలో నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఒకే ఒక్క మాట. దానిని ముందే చెప్పేస్తాను. ఆ తరువాత ఎన్ని వివరాలలోకి వెళ్లినా మళ్లీ మళ్లీ ఆ మాట దగ్గరికే వస్తాను. ఫిబ్రవరిలో మీరు చూసే కమెలియా పువ్వు ఫిబ్రవరిలో తయారైనది కాదు. అంతకు ముందరి వేసవిలో, పగళ్లు బాగా పొడవుగా ఉండి రాత్రులు కూడా కొంత వెచ్చగా ఉండే రోజుల్లో, కొత్త రెమ్మ చివర రూపుదిద్దుకున్న మొగ్గ అది. అందువల్ల చలికాలపు రంగు కావాలనుకునే వారు చలికాలంలో మేలుకొంటే చాలదు, వేసవిలోనే మొక్క వైపు చూడాలి. నేను చెప్పే నెలలన్నీ ఉత్తరార్ధగోళంలోని సమశీతోష్ణ ప్రాంతాలకు వర్తిస్తాయి. అక్కడ వేసవి అంటే జూన్ నుంచి ఆగస్టు వరకు అని గుర్తుంచుకోండి. దక్షిణార్ధగోళంలో పెంచేవారు ఆరు నెలలు జరిపి లెక్క వేసుకోవాలి.

నా చేతిలో ఉన్న ఈ రెమ్మను చూడండి. వెనుక వరుసలలో ఉన్నవారికి కనిపించకపోతే తరువాత దగ్గరకు వచ్చి చూడవచ్చు. దీని చివర రెండు రకాల మొగ్గలు ఉన్నాయి. ఒకటి సన్నగా, కోసుగా ఉన్నది, అది ఆకుమొగ్గ. దాని పక్కనే బొద్దుగా, గుండ్రంగా ఉన్నది పూమొగ్గ. వేసవి చివరికి వచ్చేసరికి ఈ రెండింటి తేడాను కంటితోనే గుర్తుపట్టవచ్చు. వసంతంలో వచ్చిన చిగురు ఎదగడం ఆగి, ఆకులు ముదిరి గట్టిపడిన తరువాతనే మొక్క పూమొగ్గలు కట్టడం మొదలుపెడుతుంది. అప్పటి నుంచి శరత్తు దాటి, చలిలోకి ప్రవేశించి, చల్లదనాన్ని కొంతకాలం అనుభవించిన తరువాతనే ఆ మొగ్గ సరిగా విచ్చుకుంటుంది. అంటే ఒక్క పువ్వు వెనుక కనీసం ఆరు నెలల కాలం ఉన్నది. ఈ ఆరు నెలల్లో ఎక్కడ లోటు జరిగినా దాని ఫలితం మనకు చివరిలోనే, పువ్వు రాకపోవడం రూపంలోనే తెలుస్తుంది.

మిగిలిన మొక్కలు చాలావరకు మోడుబారి ఉన్న కాలంలో ఇది ఎందుకు పూస్తుంది? ఈ ప్రశ్న వేసుకోకుండా కమెలియా స్వభావం మనకు అర్థం కాదు. కమెలియా జపోనికా అనే జాతి సహజంగా పెరిగేది జపాన్‌లోనూ, కొరియా దక్షిణ భాగంలోనూ, తూర్పు చైనాలో కొన్ని చోట్లా. తీర ప్రాంతపు అడవులలో, పెద్ద చెట్ల నీడలో పెరిగే సతత హరిత వృక్షమది. చలికాలంలో తేనెటీగలు దాదాపుగా తిరగవు. మరి పరాగ సంపర్కం చేసేదెవరు? పక్షులు. కంటి చుట్టూ తెల్లని వలయం ఉండే చిన్న పిట్ట ఒకటి, పికిలిపిట్ట జాతికి చెందిన మరొక పక్షి, ఈ పువ్వుల అడుగున ఊరే మకరందం కోసం వస్తాయి. అడవి జపోనికా పువ్వు ఎర్రగా ఉండటానికి, దాని కేసరాలు అడుగు భాగంలో ఒకదానికొకటి అతుక్కుని గట్టి గొట్టంలా ఏర్పడటానికి ఈ పక్షి స్నేహమే కారణం. పక్షి ముక్కు తాకిడికి తట్టుకోవాలి కదా! ఆకులు దళసరిగా, నిగనిగలాడుతూ ఉండటం వల్ల అంత ముదురాకుపచ్చ మీద ఎరుపు ఎంతో దూరం నుంచి కనబడుతుంది. తోటలో మనం కోరుకునే రంగు కూడా అదే. ఆకులు లేని కొమ్మ మీద పూసిన పువ్వుకూ, ముదురాకుపచ్చ నేపథ్యం మీద పూసిన పువ్వుకూ ఎంతో తేడా ఉంటుంది.

ఇక జాతుల విషయం. ఈ ప్రజాతి తేయాకు కుటుంబానికి చెందినది. మనం రోజూ తాగే తేనీటికి ఆకునిచ్చే మొక్క కూడా ఒక కమెలియాయే. ఫిలిప్పీన్స్‌లో పనిచేసిన మొరావియా (నేటి చెక్ దేశంలోని ప్రాంతం) వాడైన జెసూట్ క్రైస్తవ మత సోదరుడు, వృక్షశాస్త్రవేత్త గేయోర్గ్ యోసెఫ్ కామెల్ పేరు మీద స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ దీనికి ఈ పేరు పెట్టాడు. రెండు వందలకు పైగా జాతులు ఉన్నా, తోటలో చలికాలం చివరి రంగు కోసం మనం పట్టించుకోవలసినవి కొద్ది మాత్రమే. ఇక్కడే చాలామంది తికమకపడతారు. దుకాణంలో కమెలియా అని ఉంటే చాలుననుకుని తెచ్చుకుంటారు. ససాంక్వా జాతి రకాలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పూస్తాయి. సువాసన ఉంటుంది, ఎండను కూడా బాగా తట్టుకుంటాయి, కాని ఫిబ్రవరి వచ్చేసరికి వాటి వంతు అయిపోతుంది. చలి చివర రంగు కావాలంటే జపోనికా రకాలను గాని, విలియమ్సీ సంకరాలను గాని ఎంచుకోవాలి. చైనాలోని యునాన్ ప్రాంతపు రెటిక్యులేటా జాతి పువ్వులు అన్నిటికన్నా పెద్దవి, కాని అవి చలికి సున్నితం, కాబట్టి బాగా రక్షణ ఉన్న చోటనే వాటి జోలికి వెళ్లాలి.

విలియమ్సీల గురించి నేను కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే కొత్తగా మొదలుపెట్టేవారికి నేను మొదట చెప్పేది వీటినే. ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో, కేర్‌హేస్ అనే కోట తోటలో జె.సి. విలియమ్స్ అనే ఆయన 1920ల్లో ఒక పని చేశాడు. జార్జ్ ఫారెస్ట్ అనే వృక్షాన్వేషకుడు చైనాలోని యునాన్ నుంచి పంపిన సాల్యుయెనెన్సిస్ జాతిని జపోనికాతో సంకరం చేశాడు. అలా వచ్చిన సంతతికి ఆయన పేరే నిలిచింది. ఆ తరువాత ససెక్స్‌లోని బోర్డ్ హిల్ తోటలో ఇదే సంకరం నుంచి ‘డొనేషన్’ అనే రకం వచ్చింది. ముదురు ఈనెలు కనిపించే గులాబీ రంగు పువ్వులతో చలికాలం చివర నుంచి వసంతం మధ్య దాకా పూసే ఈ రకం నేటికీ అత్యధికంగా పెంచబడుతున్న కమెలియాలలో ఒకటి. ఈ సంకరాలలో నాకు నచ్చే గుణాలు రెండు. మొదటిది, తక్కువ వెలుతురులోనూ, చల్లని వేసవులు గల ప్రాంతాలలోనూ ఇవి మొగ్గలు బాగానే కడతాయి, జపోనికాలకు అలాంటి చోట్ల మొగ్గ కట్టడం కష్టమవుతుంది. రెండవది, వాడిన పువ్వులను ఇవి తామే రాల్చుకుంటాయి. జపోనికాలలో కొన్ని, ముఖ్యంగా తెల్లనివి, గోధుమరంగుకు తిరిగిన పువ్వులను కొమ్మకే అట్టిపెట్టుకుంటాయి. రోజూ చేతితో తీయగలిగిన ఓపిక ఉన్నవారికి అది ఇబ్బంది కాదు. లేనివారికి తోట చిన్నబోతుంది.

జపోనికాలలో ఎరుపు కోరుకునే వారికి 1877 నాటి ఫ్రెంచి రకం ‘అడాల్ఫ్ ఆడుసన్’ ఉన్నది. దాని ఎర్రని రేకుల మధ్య పసుపు కేసరాలు కనిపిస్తాయి. తెలుపు కోరుకునే వారికి 1792లో చైనా నుంచి ఇంగ్లండు చేరిన ‘ఆల్బా ప్లీనా’ ఉన్నది. కేసరమే కనిపించకుండా రేకులు వరుసలు వరుసలుగా అమరిన పువ్వు అది. అయితే తెలుపు గురించి ఒక హెచ్చరిక చేయాలి. మంచు పడిన మరునాడు ఎర్రని పువ్వు మీద మచ్చ అంతగా కనిపించదు. తెల్లని పువ్వు మీద, లేత గులాబీ పువ్వు మీద ప్రతి మచ్చా కనిపిస్తుంది. కాబట్టి తెలుపును ఇంటి గోడ పక్కన, చెట్ల కింద, మంచు తగలని చోట పెట్టండి. ఆరుబయట పెట్టేదానికి ముదురు రంగునే ఎంచుకోండి. ఇంకొక ఉపాయం కూడా ఉన్నది. ‘కార్నిష్ స్నో’ వంటి చిన్న తెల్లపూల రకాలను తీసుకోండి. వాటి పువ్వు చిన్నదే కాని మొగ్గలు లెక్కకు మించి ఉంటాయి, ఒక విడత మంచుకు పోయినా వెనుక నుంచి మరొక విడత విచ్చుకుంటూనే ఉంటుంది.

మన తోటలో ఇది బతుకుతుందా అని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. చలికాలం అసలే లేని వేడి ప్రాంతంలో ఇది సరిగా పూయదు, అక్కడ దీనితో పెనుగులాడవద్దని స్పష్టంగా చెబుతున్నాను. మరీ కఠినమైన చలి విషయంలో మాత్రం ఆశలేదనవద్దు. జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర పిల్నిట్స్ రాజభవనపు తోటలో 1801లో నాటిన జపోనికా ఈనాటికీ ఉన్నది, దాదాపు తొమ్మిది మీటర్ల ఎత్తు పెరిగింది, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఎర్రగా పూస్తుంది. చలికాలమంతా దాని చుట్టూ గాజు ఇల్లు ఒకటి ఉంటుంది. 1992 నుంచి అది పట్టాల మీద కదిలే గాజు ఇల్లు, వసంతం రాగానే దానిని పక్కకు జరిపేస్తారు. 1905లో అప్పటి రక్షణ కట్టడం కాలిపోయినా ఆ చెట్టు మళ్లీ చిగిర్చింది. అంత ఏర్పాటు మనమందరం చేయలేం. అందుకే రకాల ఎంపిక ముఖ్యం. అమెరికాలో 1976-77, 1977-78 శీతకాలాలలో వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షోద్యానంలో కమెలియాలు చాలావరకు చచ్చిపోయాయి. బతికి నిలిచినవాటిలో ఓలీఫెరా జాతి ఉన్నది. దానిని ఆధారం చేసుకుని అక్కడి శాస్త్రవేత్త విలియం అకర్‌మన్ చలిని తట్టుకునే సంకరాలను తీశాడు. అవి ఎక్కువగా శరత్తులో పూసేవి. చలి తగ్గిన తరువాత పూసే గట్టి రకాలు కావాలనుకునేవారు ‘ఏప్రిల్’ అనే మాటతో మొదలయ్యే పేర్లున్న జపోనికాల కోసం చూడాలి.

ఇప్పుడు నాటే చోటు. ఇది చాలా ముఖ్యం, దయచేసి శ్రద్ధగా వినండి. కమెలియాను తూర్పు ముఖంగా, ఉదయపు ఎండ నేరుగా తగిలే చోట నాటవద్దు. ఎందుకు? రాత్రి గడ్డకట్టిన మొగ్గ నెమ్మదిగా కరిగితే చాలాసార్లు నష్టం లేకుండా బయటపడుతుంది. పొద్దున్నే సూర్యకిరణాలు పడి హఠాత్తుగా కరిగితే లోపలి కణజాలం చెడి రేకులు గోధుమరంగుకు తిరుగుతాయి. మొగ్గలను చంపేది ఒక్క చలే అనుకుంటాం, కాని చలి తరువాత వచ్చే తొందరపాటు వేడి కూడా అంతే చేటు చేస్తుంది. పడమర ముఖం గాని, ఉత్తరపు గోడ గాని, ఆకులు రాల్చే ఎత్తైన చెట్ల చెదురునీడ గాని మంచిది. చలిగాలి సూటిగా కొట్టే చోటు పనికిరాదు, ఆ గాలికి ఆకులు ఎండిపోతాయి.

నేల ఆమ్లగుణం కలిగి ఉండాలి. ఆమ్లత కొలమానమైన పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే మేలు. సున్నం ఎక్కువగా ఉన్న నేలలో ఇనుము ఉన్నా వేళ్లు దానిని తీసుకోలేవు, అప్పుడు ఆకు ఈనెలు ఆకుపచ్చగా ఉండి వాటి మధ్య భాగం పసుపుపచ్చబడుతుంది. అటువంటి నేలతో పోరాడేకంటే పెద్ద కుండీలో ఆమ్ల మట్టిమిశ్రమం వేసి పెంచుకోవడమే తెలివైన పని. నేలలో నాటేవారు లోతు విషయంలో జాగ్రత్త వహించాలి. కమెలియా వేళ్లు పైపొరలోనే పాకుతాయి, కాబట్టి వేళ్లముద్ద పైభాగం చుట్టుపక్కల నేలతో సమానంగా గాని, రవంత ఎత్తుగా గాని ఉండాలి. లోతుగా పాతిపెట్టిన కమెలియా ఏళ్ల తరబడి ఎదగక, పూయక, నీరసించి ఉండిపోతుంది. చాలామంది దానికి ఎరువు చాలలేదనుకుంటారు, మరింత ఎరువు వేస్తారు. నీరు నిలిచే నేలలో వేరుకుళ్లు తెగులు పట్టుకుంటుంది, దాని నుంచి మొక్కను కాపాడటం కష్టం. నాటిన తరువాత బెరడు ముక్కలు గాని, కుళ్లిన ఆకులు గాని అయిదారు సెంటీమీటర్ల మందాన మొదలుచుట్టూ పరవాలి, కాండానికి మాత్రం తగలకుండా. మొదలు దగ్గర గునపంతోనో, పారతోనో తవ్వవద్దు, కలుపును చేతితోనే తీయాలి.

ఇప్పుడు మొదట చెప్పిన మాట దగ్గరికి వస్తున్నాను. మొగ్గ ఎప్పుడు తయారవుతుంది? వేసవిలో. అయితే మొగ్గ రాలడం ఎప్పుడు కనిపిస్తుంది? జనవరి, ఫిబ్రవరి నెలల్లో. ఈ రెండింటి మధ్య దూరమే మనల్ని మోసం చేస్తుంది. మొక్క నిండా మొగ్గలు కట్టి, పూయబోయే ముందు ఒక్కొక్కటిగా రాలిపోతే నిన్నటి చలిని తిట్టుకుంటాం. కొన్నిసార్లు తీవ్రమైన చలి కారణం కావచ్చు. కాని ఎక్కువసార్లు కారణం ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మొక్క మొదలు దగ్గరి మట్టి ఎండిపోవడం. అప్పుడు మొక్క వాడిపోయినట్టు కూడా కనిపించదు. దళసరి ఆకులు నిటారుగానే ఉంటాయి. కాని మొగ్గ లోపల అప్పుడే దెబ్బ తింటుంది. అందుకే మళ్లీ చెబుతున్నాను, జూలై నుంచి శరత్తు దాకా మట్టిని వేలితో తడిమి చూస్తూ ఉండండి. పైన రెండు అంగుళాలు పొడిబారితే నీరు పోయండి. రోజూ కొద్దికొద్దిగా చిలకరించడం కాదు, లోపలి దాకా ఇంకేటట్టు ఒకసారి పోయడం మేలు. కుండీలలో ఉన్నవాటికి ఈ జాగ్రత్త మరింత అవసరం. మీ కుళాయి నీటిలో సున్నం ఎక్కువైతే వాన నీటిని పట్టి ఉంచుకోండి. వేరే దారి లేనప్పుడు, ఎండలు మండుతున్నప్పుడు, కుళాయి నీరు పోయడం అసలే పోయకపోవడం కన్నా నయం.

ఎరువు విషయం త్వరగా చెబుతాను. పువ్వులు అయిపోయిన తరువాత వసంతంలో ఆమ్ల నేలల మొక్కలకు తయారుచేసిన ఎరువును తక్కువ మోతాదులో వేయండి. జూలై చివరి తరువాత ఏమీ వేయవద్దు. ఆలస్యంగా వేసిన నత్రజని మొక్కను మళ్లీ చిగుర్ల వైపు నెడుతుంది, ఆ లేత చిగురు చలికి మాడుతుంది, మొగ్గలు కూడా రాలవచ్చు.

మరొక్క విషయం, మొగ్గలు తీయడం. రెమ్మ చివర మూడు నాలుగు పూమొగ్గలు గుంపుగా ఉంటే, శరత్తులో ఒకటి ఉంచి మిగిలినవి గిల్లివేస్తే పువ్వు పెద్దదిగా వస్తుంది. ప్రదర్శనల కోసం పెంచేవారు ఇలా చేస్తారు. తోట అంతటా రంగు కోరుకునే మనకు ఇది అవసరమా? నా అభిప్రాయంలో అవసరం లేదు. ఒకే చోటి మొగ్గలు ఒకేసారి విచ్చుకోవు. ఒకటి వాడాక మరొకటి వస్తే పూత కాలం నిలుస్తుంది. చలికాలం చివర తోటకు కావలసింది ఒక్క పెద్ద పువ్వు కాదు, వారాల తరబడి నిలిచే రంగు.

తెగుళ్లలో ఒక్కదాని గురించి మాత్రం విడమరచి చెప్పాలి. రేకుల ఎండు తెగులు అనే శిలీంధ్ర వ్యాధి 1919లో జపాన్‌లో మొదట వర్ణించబడింది, 1938లో కాలిఫోర్నియాలో కనిపించింది, ఆ తరువాత ఇతర దేశాలకూ పాకింది. అది ఆకులను, కొమ్మలను ముట్టుకోదు. పువ్వునే పడుతుంది. అందువల్ల మొక్క ఆరోగ్యంగా ఉండి పువ్వులు మాత్రం పాడవుతాయి. మంచు దెబ్బకూ దీనికీ తేడా ఎలా కనిపెట్టాలి? మంచు దెబ్బ బయటి రేకుల అంచుల మీద ఎక్కువగా ఉంటుంది. ఈ తెగులులో గోధుమ మచ్చ రేకు మధ్య నుంచి మొదలై వ్యాపిస్తుంది, ఈనెలు మరింత ముదురుగా కనిపిస్తాయి. పువ్వును తొడిమ నుంచి విడదీసి అడుగు చూస్తే తెల్లని గాని, బూడిదరంగు గాని బూజు వలయం ఉంటుంది. అటువంటి పువ్వును నేల మీద పడనివ్వకండి, కంపోస్టులో వేయకండి. రాలిన పువ్వులో శిలీంధ్రం నల్లని గట్టి గడ్డలుగా మారి మట్టిలో ఏళ్లపాటు దాగి ఉంటుంది, చలికాలం చివరనే వాటి మీద పుట్టిన సూక్ష్మబీజాలు గాలిలో ఎగిరి కొత్త పువ్వులను చేరతాయి. రాలిన పువ్వులను ఏరి పారేయడం, మొదలుచుట్టూ ఉన్న పాత పొరను తీసి కొత్తది పరవడం, ఇవే దీనికి నమ్మదగిన మందులు. పొలుసు పురుగుల వల్ల ఆకుల మీద వచ్చే మసి తెగులు కంటికి అసహ్యంగా ఉన్నా అంత ప్రమాదం కాదు. ఆకు అడుగున ఉన్న పురుగును అదుపు చేస్తే మసి క్రమంగా పోతుంది.

కమెలియా పక్కన ఏం నాటాలి అని ముందు వరుసలో ఒకరు సభకు ముందే అడిగారు. దాని వేళ్లు పైపొరలో ఉంటాయని చెప్పాను కదా, కాబట్టి పోటీపడి పెరిగే దట్టమైన మొక్కలను దగ్గర పెట్టవద్దు. హెలిబోర్, స్నోడ్రాప్ వంటి చిన్న పూలమొక్కలను కొంచెం దూరంలో, నీడలో ఉంచవచ్చు. ఎర్రని జపోనికా కింద తెల్లని స్నోడ్రాప్‌లు ఒకే వేళ పూసినప్పుడు ఆ చోటు ఎంత నిండుగా ఉంటుందో చూసినవారికే తెలుస్తుంది. పసుపు రంగులో పూసే విచ్ హేజిల్ అనే పొదను వెనుక వైపు నాటుకుంటే, దాని మోడు కొమ్మలకు కమెలియా ఆకులు నిండుదనం ఇస్తాయి.

చివరగా కత్తిరింపు. ఇక్కడ కూడా వేసవి మొగ్గల లెక్కే పనిచేస్తుంది. పువ్వులు అయిన వెంటనే, కొత్త చిగురు బయలుదేరక ముందే కత్తిరించాలి. ఆగస్టులో కత్తిరిస్తే మీరు కత్తిరిస్తున్నది వచ్చే ఫిబ్రవరి పువ్వులనే. చిన్న మొక్కకు అడ్డదిడ్డంగా పోయిన కొమ్మలు తీసి, లోపలికి గాలి, వెలుతురు వెళ్లేటట్టు చేస్తే సరిపోతుంది. ఇక మీలో కొందరికి పాత ఇళ్లలో కిటికీలను కప్పేసేటంత పెద్ద కమెలియాలు ఉండవచ్చు. వాటిని తీసివేయవలసిన పనిలేదు. జపోనికా, విలియమ్సీ రకాలు గట్టి కత్తిరింపును కూడా తట్టుకుంటాయి, పాత కాండం నుంచే చిగురు వేస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో, పూత ముగియగానే, నేల నుంచి రెండడుగుల ఎత్తు దాకా నరికినా మళ్లీ వస్తాయి, ఒకటి రెండేళ్లు పువ్వులు ఉండవని మాత్రం ముందే తెలుసుకోండి. రెటిక్యులేటాలకు ఈ పద్ధతి పనికిరాదు, వాటిని తేలికగా మాత్రమే సవరించాలి. జపోనికా, విలియమ్సీలను అంతగా నరికే ధైర్యం లేనివారు ఒక్కసారిగా కాకుండా, మూడు సంవత్సరాలలో ఏటా మూడో వంతు కొమ్మల చొప్పున తగ్గించుకుంటూ వస్తే ఏ ఏడాదీ పువ్వులు పూర్తిగా లేకుండా పోవు. ఇక మీ ప్రశ్నలు వింటాను.